వేడెక్కాక స్టార్ట్ కాని పాత హోండా సీబీఆర్ 250ఆర్ బైకు: షిమ్‌లే కారణమా?

ప్రశ్న (గాజువాక నుంచి):
నా బండి ఉదయం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. సింహాచలం కొండ ఎక్కి ఆపితే మాత్రం, ఇంజను చల్లబడేదాకా మళ్ళీ స్టార్ట్ కావడం లేదు. వాల్వుల చప్పుడు లేదు కనుక షిమ్‌ల (వాల్వు దగ్గరి ఖాళీని సరిచేసే చిన్న లోహపు బిళ్ళల) జోలికి వెళ్ళనక్కరలేదని మెకానిక్ గారు అంటున్నారు. నిజమేనా?

జవాబు 1:
చప్పుడు లేకపోవడమే అనుమానించవలసిన విషయమండీ. వాల్వుకూ, దాన్ని తెరిచే భాగాలకూ మధ్య ఖాళీ పెరిగితే టకటక వినిపిస్తుంది. వాల్వు తన సీటును అరగదీసి లోపలికి దిగినకొద్దీ ఖాళీ తగ్గిపోయి, వేడిలో వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండరులోని ఒత్తిడి) జారిపోతుంది. రాత్రంతా నీడలో ఉంచిన బండికి, మన విశాఖ ఎండ ముదరకముందే, ఫీలర్ గేజితో (సన్నని ఖాళీలు కొలిచే పలుచని రేకులతో) కొలిపించండి.

జవాబు 2:
ఈ ఇంజనులో వాల్వును నొక్కే రాకర్ ఆర్మ్‌ను పక్కకు జరిపితే, ఆ ఆర్మ్‌ను కదిలించే క్యామ్‌షాఫ్ట్ విప్పకుండానే షిమ్‌ను అయస్కాంతంతో తీయవచ్చు. అంతకుముందు క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే చైన్ సందులో శుభ్రమైన గుడ్డ కుక్కండి. షిమ్ అందులో పడితే పని రెట్టింపవుతుంది. పాత షిమ్ మీది అంకెను నమ్మక మైక్రోమీటరుతో కొలిచి, ఆ మందానికి ఇప్పుడున్న ఖాళీని కలిపి, మాన్యువల్‌లోని ఖాళీని తీసివేయండి. ఉదాహరణకు 1.80 + 0.10 − 0.16 = 1.74 మి.మీ.; దొరికే సైజుల్లో 1.75 సరిపోతుంది.

జవాబు 3:
పాత షిమ్‌నే రుద్ది పల్చన చేస్తామంటే ఒప్పుకోకండి, పైపొర గట్టిదనం పోతుంది. కొత్తది వేశాక ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ కొలిచిన తరువాతే కవర్ మూయించండి.