అణుబాంబు ఉగ్రవాదులకు ఇచ్చింది ఏ దేశమో కనిపెట్టగలమా?

పేలుడు శిథిలాల్లోని యురేనియం, ప్లూటోనియం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) నిష్పత్తిని బట్టి ఆ సరుకు ఎక్కడిదో పట్టుకోవచ్చని, ఆ భయంతోనే ఏ ప్రభుత్వమూ ఉగ్రవాదులకు బాంబు ఇవ్వదని చాలామంది వాదిస్తున్నారు. నాకు అక్కడే అనుమానం. పోల్చి చూడాలంటే ఆ దేశపు నమూనాలు ముందే చేతిలో ఉండాలి కదా? లేకపోతే ఏం చేస్తారు?

ఇంకోటి, పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ ముఠా లిబియాకు సెంట్రిఫ్యూజులే (యురేనియాన్ని శుద్ధి చేసే యంత్రాలే) కాదు, బాంబు డిజైన్ కాగితాలూ అమ్మింది. 2003లో ఆ సెంట్రిఫ్యూజుల విడిభాగాలతో లిబియా వెళ్తున్న ఓడ పట్టుబడింది. రేపు అలాంటి సరుకు ఉగ్రవాదులకు చేరితే, ప్రభుత్వమే ఇచ్చిందా, లోపలివాళ్లు అమ్ముకున్నారా అన్నది తేల్చేదెలా? తేలకుండా ఎవరి మీద ఎదురుదాడి చేస్తారు? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

భద్రతా మండలి 2004లో చేసిన 1540 తీర్మానం ఇలాంటి సాయం చేయకూడదని దేశాలన్నిటినీ ఆదేశించింది. అది ఎంతవరకు అమలవుతోంది? ఐసోటోపుల విశ్లేషణ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి కాస్త వివరంగా చెప్పండి.