85 దాటితే వణుకు: వచ్చే అప్‌డేట్ దాకా ఆగాలా, పార్ట్ మార్చమని పట్టుబట్టాలా?

ఉప్పల్ రాజు
అందరికీ నమస్కారం. నా ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొని 14 నెలలైంది, 21 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, రాస్తే చర్చంతా ఆ పేరు చుట్టూ తిరుగుతుంది. ఆరు నెలలుగా 85 నుంచి 95 మధ్య వేగంలో వణుకు వస్తోంది. స్టీరింగ్‌లో కొంచెం, కాళ్ళ కింద ఫ్లోర్‌లో బాగా ఎక్కువ. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్‌లో ఎక్కి శంషాబాద్‌లో దిగేసరికి అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మొన్న విజయవాడ వెళ్తుంటే నడుం పట్టేసిందని అమ్మ సూర్యాపేట దగ్గర బండి ఆపించింది.

సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఒకటే మాట: "తెలిసిన సమస్యే సార్, వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో పోతుంది." ఈలోగా రెండు అప్‌డేట్లు వచ్చాయి, వణుకు మాత్రం అలాగే ఉంది. ఇంకా ఆగాలా?

నెల్లూరు 77
టైర్ ప్రెషర్ ఎంత పెట్టారు?

గాజువాక మాస్టారు
రాజు గారూ, ఆగకండి. నేను 31 ఏళ్ళు ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. బండి మారినా చక్రం చక్రమే. టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు రెండు మీటర్లు ముందుకు పోతుంది. 90 వేగమంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు పన్నెండు సార్లు తిరుగుతోంది. వీల్ బ్యాలెన్స్ తప్పితే ఆ లెక్కన పన్నెండు కుదుపులు చేతికి తెలుస్తాయి. దానికి సాఫ్ట్‌వేర్‌తో ఏం పని? రిమ్ముకు సీసం ముక్క తగిలించాలి, లేదా టైరు మార్చాలి. ఎలక్ట్రిక్ బండి బరువెక్కువ, మన గతుకుల్లో రిమ్ము వంగడం కూడా తేలిక. ముందు అవి చూపించండి.

బెంగళూరు బండి
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఇది పాత పద్ధతి. నేను మోటార్ కంట్రోల్ మీదే పనిచేస్తాను. పెట్రోల్ బండిలో క్లచ్ ఉంటుంది, కుదుపును అది కొంత మింగుతుంది. ఎలక్ట్రిక్ బండిలో మోటార్, గేర్, చక్రాన్ని తిప్పే షాఫ్ట్ అనే కడ్డీ, చక్రం నేరుగా కలిసి ఉంటాయి. టార్క్, అంటే తిప్పే బలం, మిల్లీసెకన్లలో వస్తుంది, షాఫ్ట్ స్ప్రింగులా మెలితిరిగి ఊగుతుంది. ఆ ఊపును అణచేది సాఫ్ట్‌వేరే. మోటార్ వేగాన్ని సెకనుకు వందల సార్లు చూసి, ఎదురు టార్క్ ఇస్తుంది. కాబట్టి అప్‌డేట్‌తో వణుకు తగ్గుతుందనడం అబద్ధం కాదు.

2018లో టెస్లా మోడల్ 3 గుర్తుందా? గంటకు 60 మైళ్ళ వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు పట్టిందని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తప్పుపట్టింది. కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ పంపారు, 133 అడుగులకు తగ్గింది. బ్రేక్ పార్ట్ ఒక్కటీ మార్చలేదు. ఓపిక పట్టండి రాజు గారూ.

నెల్లూరు 77
ప్రెషర్ ఎంతో చెప్పలేదు. 36 దాటితే ఫ్లోర్ కొట్టుకుంటుంది.

ఉప్పల్ రాజు
కంపెనీ స్టిక్కర్ మీద ఎంత ఉందో అంతే పెట్టాను అన్నా. బ్యాలెన్సింగ్ రెండుసార్లు, అలైన్‌మెంట్ ఒకసారి అయ్యాయి. ముందు టైర్లు వెనక్కి మార్చి కూడా చూశాను. తేడా లేదు.

డల్లాస్ నుంచి
టెస్లా బ్రేకుల సంగతి నిజమే. ఇక్కడ అమెరికాలోనే షెవర్లే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కారు సంగతి కూడా చెప్పాలి. 2020 నవంబర్‌లో బ్యాటరీ మంటల భయంతో ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే సాఫ్ట్‌వేర్ వేశారు. 2021లో లోపం కనిపెట్టే ఇంకో సాఫ్ట్‌వేర్ ఇచ్చి, ఇదే పరిష్కారమన్నారు. అది వేసుకున్న బళ్ళకు కూడా మంటలు వచ్చాయి. చివరికి ఆ ఏడాదే బ్యాటరీలు మార్చడానికి ఒప్పుకున్నారు. పార్ట్‌లో ఉన్న లోపం సాఫ్ట్‌వేర్‌తో పోలేదు.

బెంగళూరు బండి
బ్యాటరీ సెల్ లోపం వేరు, వైబ్రేషన్ వేరు. రెండూ కలపకండి.

గాజువాక మాస్టారు
కలపాల్సిందే! మాట ఒకటే కదా, "ఆగండి, అప్‌డేట్ వస్తుంది" అని. నా బాధ చెప్తాను వినండి. 2016లో మా అల్లుడి కారు గేర్‌బాక్స్‌లో మోత వచ్చేది. "ప్రోగ్రామ్ మారుస్తాం, సర్దుకుంటుంది" అని ఏడాది తిప్పారు. వారంటీ అయిపోయిన రెండో నెలలో 48 వేల బిల్లు చేతిలో పెట్టారు. బిడ్డ స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది. ఆ రోజు నుంచి "ఆగండి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

కరీంనగర్ క్యాబ్
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే కానీ నా పరిస్థితి వినండి. నాదీ అదే మోడల్, అదే వణుకు. రోజుకు 250 కిలోమీటర్లు తిప్పితేనే నెలకు 24 వేల ఈఎంఐ కట్టగలను. షాఫ్ట్ తెప్పించడానికి పన్నెండు రోజులు పడుతుందన్నారు. పన్నెండు రోజులు బండి వాళ్ళ దగ్గర పెట్టి నేను ఏం తినాలి? అప్‌డేట్ అయితే రాత్రికి రాత్రి అయిపోతుంది. అందుకే ఎదురు చూస్తున్నాను.

బెజవాడ లావణ్య
షాఫ్ట్ తెప్పించాలని మీకు చెప్పారా? రాజు గారికి సాఫ్ట్‌వేర్ అన్నారు కదా?

కరీంనగర్ క్యాబ్
నోటితో చెప్పారు మేడమ్. సర్వీస్ సెంటర్ రాసిచ్చే జాబ్ కార్డులో మాత్రం "కస్టమర్‌కు వివరించాం" అని రాశారు.

గాజువాక మాస్టారు
ఇప్పుడు అర్థమైంది. రాజు గారూ, ఒక చిన్న పని చేయండి. ట్రాఫిక్ లేని చోట, తిన్నని రోడ్డు మీద 90లో వణుకు మొదలయ్యాక రెండు మూడు సెకన్లు న్యూట్రల్‌లో పెట్టండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని వాళ్ళనే గమనించమనండి. వణుకు అలాగే ఉంటే చక్రం, టైరు. ఆగిపోతే, లోడ్ పడినప్పుడే, అంటే మోటార్ చక్రాన్ని నెడుతున్నప్పుడే వస్తోందని అర్థం. అప్పుడు డ్రైవ్ షాఫ్ట్ లోపలి సీవీ జాయింట్, అంటే షాఫ్ట్‌ను మోటార్ వైపు కలిపే కీలు చూడాలి. అందులో మూడు రోలర్లు ఉంటాయి, అరిగితే చుట్టుకు మూడు కుదుపులు. పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు. అది చేతికి కొట్టినట్టుండదు, అరికాలికి తిమ్మిరిలా తెలుస్తుంది.

నెల్లూరు 77
36 అన్నది నేనూ అదే.

ఉప్పల్ రాజు
పొద్దున్నే ఐదున్నరకు మా తమ్ముడిని తీసుకుని వెళ్ళాను. న్యూట్రల్‌లో పెట్టగానే వణుకు పూర్తిగా పోయింది. మళ్ళీ డ్రైవ్‌లో వేసి ఎక్స్‌లరేటర్ నొక్కగానే వచ్చింది. నాలుగుసార్లు చూశాం. తమ్ముడి ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ ఫ్లోర్ మీద పెడితే సెకనుకు 35, 36 దగ్గర గీత పైకి లేచింది.

బెంగళూరు బండి
చూశారా, లోడ్ ఉన్నప్పుడే వస్తోంది. అంటే మోటార్ టార్క్‌తో సంబంధం ఉంది. నేను చెప్పిందీ అదే.

గాజువాక మాస్టారు
బాబూ, మీరు చెప్పిన ఊపు సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, కాలు తీసి మళ్ళీ వేసినప్పుడు వచ్చే జెర్క్. దాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, ఒప్పుకుంటాను. ఇది నిలకడగా 90లో వెళ్తుంటే వస్తోంది, చక్రానికి సరిగ్గా మూడింతలు. జాయింట్ అరిగితే సాఫ్ట్‌వేర్ చేయగలిగింది ఒక్కటే, ఆ వేగంలో టార్క్ తగ్గించడం. వణుకు తగ్గినట్టు కనిపిస్తుంది, జాయింట్ మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. పైగా డబ్బిచ్చి కొన్న పికప్ పోతుంది. మీ ఉద్యోగమే ఇది కదా, కాదని చెప్పండి.

బెంగళూరు బండి
కాదని అనను. కానీ ప్రతివాళ్ళూ షాఫ్ట్ మార్చమంటే ఈ మోడల్‌లో లోపం ఉందని ఊరంతా అనుకుంటారు.

ఉప్పల్ రాజు
అనుకుంటే ఏమవుతుంది? ఇప్పుడు అడగాల్సింది అడుగుతున్నాను. ఓనర్ల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన వీడియో ఎందుకు తీసేశారు? అడ్మిన్ మీరే. "ఫిర్యాదులు పెట్టొద్దు, అప్‌డేట్ వస్తోంది" అని పిన్ చేసింది కూడా మీరే. మా అమ్మ నడుం నొప్పితో రెండు రాత్రులు నిద్రపోలేదు. మీరు మాత్రం వణుకు లేదన్నట్టు గ్రూపు నడుపుతున్నారు.

బెంగళూరు బండి
సరే, దాచను. డిసెంబర్‌లో నా బండి అమ్మాలి. నాన్న ఆపరేషన్‌కు డబ్బు కావాలి. పోయిన నెల వరకు 11 లక్షలు ఇస్తానన్నవాడు ఆ వీడియో చూసి తొమ్మిదిన్నర అన్నాడు. ఆ లక్షన్నర నాకు చిన్న మొత్తం కాదు. మీ బండి బాగవ్వాలని నాకూ ఉంది, కానీ ఆ డబ్బు పోతే నాకెవరిస్తారు?

కరీంనగర్ క్యాబ్
అన్నా, ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది. మీ మాట నమ్మి నాలుగు నెలలు ఆగాను. వారంటీలో నాకు మిగిలింది పది వేల కిలోమీటర్లే. నలభై రోజులకు అయిపోతుంది.

బెజవాడ లావణ్య
నాన్నగారి ఆపరేషన్ సంగతి బాధగానే ఉంది. అయినా ఇది చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ ఉంది. ప్రమాదకరమైన లోపముంటే బళ్ళను వెనక్కి పిలిచి బాగుచేయమని, అంటే రీకాల్ చేయమని, ప్రభుత్వమే కంపెనీకి చెప్పవచ్చు. దానికి ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఓనర్ల ఫిర్యాదులు లెక్కలోకి వస్తాయి, అమ్ముడైన బళ్ళను బట్టి ఇన్ని ఉండాలని పరిమితి ఉంది. ఒక్కొక్కరిని ఆపితే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. వణుకు ఒక్కటే ప్రమాదం కింద వస్తుందో రాదో అధికారులు తేలుస్తారు, ముందు నమోదైతే కావాలి.

రాజు గారూ, కరీంనగర్ అన్నా, జాబ్ కార్డులో మీ మాటల్లోనే "90లో లోడ్ మీద వణుకు, న్యూట్రల్‌లో లేదు" అని రాయించండి. రాయకపోతే సంతకం పెట్టకండి. అదే విషయం ఈమెయిల్ చేయండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. బండి ధర 50 లక్షల లోపే కాబట్టి మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్ళు. అప్‌డేట్ కోసం ఆగే రోజులు కూడా అందులోనే పోతాయి.

నెల్లూరు 77
నాకూ ఆ మోడలే. మా బావ నడుపుతుంటే న్యూట్రల్ పరీక్ష చేశాం, వణుకు పోయింది. ప్రెషర్ 33 ఉన్నా వస్తోంది.

ఉప్పల్ రాజు
ఇవాళ వెళ్ళాను. మేడమ్ చెప్పినట్టే రాయించాను, అరగంట వాదన అయింది. లిఫ్ట్ ఎక్కించి చూస్తే కుడివైపు లోపలి జాయింట్ మీది రబ్బరు బూటు చుట్టూ గ్రీజు చిమ్మి ఉంది. ఫోటో తీశాను. షాఫ్ట్ ఆర్డర్ పెట్టారు, పదిహేను రోజులన్నారు. 1915 ఫిర్యాదు నంబర్ కూడా వచ్చింది.

బెంగళూరు బండి
పిన్ తీసేశాను. మీ వీడియో మళ్ళీ పెట్టండి. నా బండిని శనివారం లిఫ్ట్ ఎక్కించి చూపిస్తాను.

గాజువాక మాస్టారు
కుడివైపు బూటే ముందు చూడండి బాబూ. గ్రీజు కనిపిస్తే ఫోటో ఇక్కడ పెట్టండి. కరీంనగర్ తమ్ముడూ, నువ్వు రేపే వెళ్ళి రాయించు.