మహాదశలో రేఫ ఎక్కడిది?

జాతకంలో ఒక్కో గ్రహానికి చెందే పెద్ద కాలభాగాన్ని చెప్పడానికి వాడే ‘మహాదశ’, ‘మహర్దశ’ అనే రెండింటిలో ఏది సాధురూపమన్న ప్రశ్నకు వ్యాకరణం ఇచ్చే సమాధానం సూటిగానే ఉంది. కర్మధారయంలో ‘మహత్’ శబ్దం పూర్వపదంగా ఉన్నప్పుడు ‘మహా’ అవుతుంది కాబట్టి, మహాపురుషుడు, మహాదేవుడు అన్నట్లే మహాదశ అనాలి. ‘మహర్షి’లో రేఫ, అంటే ‘ర్’ ధ్వని, వినిపిస్తున్నది కదా అంటే, ‘మహా’ చివరి ఆకారమూ ‘ఋషి’ మొదటి ఋకారమూ గుణసంధి వల్ల ‘అర్’గా మారడమే దానికి కారణం, దశలో ఋకారమే లేదు. ‘మహర్లోకం’ కూడా ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు. అందులోని ‘మహర్’ భూః, భువః, సువః తరువాత వచ్చే నాలుగో వ్యాహృతి, అంటే లోకం పేరే తప్ప గొప్పదనాన్ని చెప్పే విశేషణం కాదు.

అయినా ఈ రేఫ ఉత్త నోటి పొరపాటని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. దశకు ముందు న్యాయంగా రేఫ ఉన్న మాటలు మనకు రెండున్నాయి. ‘అంతర్’ రేఫాంతమైన అవ్యయం కాబట్టి అంతర్గతం, అంతర్ముఖం వలె, మహాదశ లోపలి చిన్న భాగాన్ని చెప్పే అంతర్దశ ఏర్పడింది. ‘దుర్’ ఉపసర్గ చేరి దుర్దశ ఏర్పడింది. మహాదశ పేరు ఎత్తిన ప్రతిచోటా వెంటనే అంతర్దశ పేరు వస్తుంది కాబట్టి, పక్కమాటలోని రేఫ దీనికీ అంటుకోవడం సహజం. ఇక దుర్దశ చేసిన పని నా దృష్టిలో ఇంకా పెద్దది. అది చెడ్డ స్థితిని చెప్పే మాట కాబట్టి, దానికి ఎదురుగా, అదే తూకంతో, మంచి స్థితిని చెప్పే మాటగా మహర్దశ నిలిచింది. పాడుబడిన భవనానికి మహర్దశ పట్టిందన్న వాక్యం వినగానే అందరికీ అర్థమవుతుంది. అదే వాక్యంలో మహాదశ అని పెట్టి చూడండి, వాక్యం కుంటుపడుతుంది.

ఎందుకంటే జ్యోతిషంలో మహాదశ మంచినీ చెప్పదు, చెడునూ చెప్పదు. అది కాలవిభాగం మాత్రమే. వింశోత్తరీ పద్ధతిలో 120 ఏళ్లను తొమ్మిది గ్రహాలకు పంచారు: రవికి 6, చంద్రునికి 10, కుజునికి 7, రాహువుకు 18, గురువుకు 16, శనికి 19, బుధునికి 17, కేతువుకు 7, శుక్రునికి 20. ‘మహా’ అన్న విశేషణం ఇక్కడ గొప్పదనానికి గుర్తు కాదు; లోపలి చిన్న భాగమైన అంతర్దశ నుండి పెద్ద భాగాన్ని వేరుచేయడానికి పెట్టిన గుర్తు. ఆరేళ్ల రవి కాలమూ మహాదశే, ఇరవై ఏళ్ల శుక్ర కాలమూ మహాదశే. ఫలం చెప్పాలంటే ఆ గ్రహం ఏ లగ్నానికి (పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశికి) ఏ భావాలకు (జాతకంలోని పన్నెండు స్థానాల్లో వేటికి) అధిపతో, జాతకంలో ఎక్కడ ఉందో చూడాలి. ధనుర్లగ్నానికి శుక్రుడు షష్ఠ, లాభాధిపతి (ఆరు, పదకొండు భావాల అధిపతి) కాబట్టి శాస్త్రం అతణ్ణి శుభుల్లో లెక్కించదు. వృషభ లగ్నానికి భాగ్య, రాజ్యాధిపతి (తొమ్మిది, పది భావాల అధిపతి) అయిన శనిని యోగకారకుడు, అంటే మేలు చేసేవాడు, అంటుంది.

‘శుక్రమహర్దశ’ అన్న వాడుక విషయంలో ఈ దూరం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పుట్టినప్పుడు చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టి మొదటి దశ నిర్ణయమవుతుంది. ఆ నక్షత్రంలో చంద్రుడు ఇంకా దాటవలసి ఉన్న భాగానికి తగినంతే ఆ దశలో మిగులుతుంది. దీన్నే దశాశేషం అంటారు. కృత్తిక, ఉత్తర, ఉత్తరాషాఢ నక్షత్రాల్లో పుట్టినవారికి రవి దశతో మొదలై శుక్ర మహాదశ వరుసలో చిట్టచివర నిలుస్తుంది. లెక్క వేస్తే అది 94వ ఏటికి ముందు మొదలుకాదు. నిజమైన శుక్ర మహాదశను వారిలో ఎందరు చూడగలరు? తక్కిన గ్రహాల దశల్లో వచ్చే శుక్రుని అంతర్దశలే వారికి దక్కుతాయి. ఉదాహరణకు శనిలో శుక్రుడు 3 సంవత్సరాల 2 నెలలు (19ని 20తో గుణించి 120తో భాగిస్తే వచ్చేది). లోకోక్తిలోని శుక్రమహర్దశకు ఈ లెక్కతో సంబంధం లేదు. అది ఏ నక్షత్రం వారికైనా, ఏ వయసులోనైనా పట్టవచ్చు.

అందువల్ల జాతక విషయం రాసేటప్పుడు మహాదశ అనే రాయాలని, అదృష్టం అన్న అర్థంలో మహర్దశను దిద్దకుండా వదిలేయాలని నేను అంటాను. ఒకే రూపాన్ని రెండు చోట్లా రుద్దితే, చదివేవాడు శని మహర్దశ అనగానే శుభమని భ్రమపడవచ్చు. జాతక పుస్తకాల్లోనే ఆ రూపం విరివిగా కనిపిస్తున్నది కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే, కానీ అక్కడ అది కాలవిభాగం అర్థంలోనే ఉన్నది కాబట్టి మహాదశ అని మార్చినంత మాత్రాన ఏ వాక్యమూ చెడదు.

మరో సందేహం కూడా తీర్చాలి: ఈ దశకూ పది అనే దశకూ సంబంధం లేదు. అవస్థను చెప్పే సంస్కృత శబ్దం ఆకారాంతం. తెలుగులో తత్సమంగా మారినప్పుడు చివరి దీర్ఘం హ్రస్వమై రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. సమాసంలో హల్లు ముందు ఆ దీర్ఘం మళ్లీ బయటపడుతుంది: దశాఫలం, దశానాథుడు, దశాశేషం. పది అయితే దశకంఠుడు, దశరథుడు అని హ్రస్వంగానే ఉంటుంది. దశాబ్దం, దశావతారాలలోని దీర్ఘం మాత్రం సవర్ణదీర్ఘసంధి వల్ల వచ్చింది. ‘దశాధిపతి’ అంటే దశకు అధిపతి, ‘దశమాధిపతి’ అంటే పదో భావానికి అధిపతి. అచ్చులో ఒక్క ‘మ’ జారిపోతే ఫలితమంతా మారిపోతుంది కాబట్టి ప్రూఫులు దిద్దేవారు ఈ రెండింటి దగ్గర కాస్త ఆగి చూడాలి.