సమస్యాపూరణం: ‘మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును’

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం:

మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును

నిర్వాహకుడు: మనలో ఇంటి దగ్గర నాటుకోళ్లు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు. రెట్ట అంటిన గుడ్డును ఇంక్యుబేటర్‌లో పెట్టే ముందు కడగాలా వద్దా అని తరచూ అడుగుతుంటారు, అందుకే ఈ పాదం ఇచ్చాను. తినే గుడ్డు గురించి కాదు, పొదిగించే గుడ్డు గురించే రాయండి. కడిగితే మురికి పోవాలి కదా, మరి ఎలా చేరింది? ఆ చిక్కు మొదటి మూడు పాదాల్లోనే విడిపోవాలి.

పూరణ 1 (తెనాలి సభ్యురాలు)

పెంకు మీద నుండు పెట్టని కోటయే
నీళ్లు తగిలి కరగి నీరుగారు
కంటి కగుపడనివి కన్నాల దూరును
మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును

నిర్వాహకుడు: అమ్మా, ‘పెట్టని కోట’ ఎంత చక్కగా అమరిందో! గుడ్డు బయటికి వచ్చేటప్పుడు దాని మీద ఒక పలచని తడి పొర ఉంటుంది. కొద్ది నిమిషాల్లో ఆరిపోయి, పెంకులోని వేల సన్నని రంధ్రాలను మూస్తుంది. కోడి కట్టిన కోట అదే. మూడో పాదంలో సూక్ష్మజీవులను పేరు పెట్టి పిలవకుండా చెప్పిన తీరు కూడా నచ్చింది.

పశువైద్య విద్యార్థి: ఒక్క సవరణ, అక్కా. నీళ్లు తగిలినంత మాత్రాన ఆ పొర కరిగిపోదు. తడిపి రుద్దినప్పుడు పోతుంది. ‘నీళ్లు పోసి తోమ నీరుగారు’ అంటే గణాలూ సరిపోతాయి, విషయమూ సరిపోతుంది.

తెనాలి సభ్యురాలు: చాలా సంతోషం తమ్ముడూ, అలాగే మార్చుకుంటాను.

పూరణ 2 (పశువైద్య విద్యార్థి)

చల్ల నీట ముంచ సంకోచమును జెంది
లోని సొన వడిగను లోని కీడ్చు
పైని రెట్ట కలిసి పాడైన నీటితో
మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును

నిర్వాహకుడు: అసలు కారణం పట్టుకున్నావు. చన్నీళ్లలో గుడ్డు లోపలి సొన కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి రంధ్రాల గుండా బయటి నీళ్లు, వాటితో బాక్టీరియా వెళ్తాయి. చ–స యతి బాగుంది. రెండో పాదంలోనే లోటు ఉంది. ‘ఈడ్చు’ అన్నావు, దేన్ని ఈడ్చిందో చెప్పలేదు. ‘సొనయె బైటి నీటి చుక్క నీడ్చు’ అంటే కర్మ దొరుకుతుంది. సొ–చు యతి చెల్లుతుంది.

పూరణ 3 (కొత్త సభ్యుడు, మొదటి పద్యం)

నాటుకోడి గుడ్డు మట్టిలో దొరికెను
గరుకు కాగితమున గాక నీట
ముంచి ముంచి తోమి మురిసిపోయెదవేల
మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును

తెనాలి సభ్యురాలు: గణాలన్నీ కుదిరాయి బాబూ, మొదటి పద్యానికి అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలో మాత్రం నా–మ యతి చెల్లదు. ‘మట్టిలోన దొరకు మా పెట్ట గుడ్డును’ అని చూడు. గుడ్డును, తోమి అని అన్వయం కూడా కుదురుతుంది.

పశువైద్య విద్యార్థి: గరుకు కాగితం సలహా సరైనదే. అయితే ఎండిన రెట్ట ఉన్న చోటే మెల్లగా రాయాలి. గుడ్డంతా రుద్దితే నీళ్లు లేకుండానే ఆ పొర పోతుంది.

పూరణ 4 (కోళ్ల రైతు, చిత్తూరు జిల్లా)

గూటిలోని పొట్టు కొత్తది వేయక
వేళ కేరి తేక వేచి చూచి
తెల్లవారి లేచి తీరిగ్గ గూర్చుండి
మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును

నిర్వాహకుడు: ఈ వారం నా మనసుకు బాగా దగ్గరైన పూరణ ఇదేనండీ. మిగతా వాళ్లు బకెట్ దగ్గర మొదలుపెట్టారు, మీరు గూటి దగ్గర మొదలుపెట్టారు. కోడి ఒళ్లు దాదాపు 41 డిగ్రీల వేడి. ఆ వేడితో పడిన గుడ్డు చల్లారుతూ లోపలికి గాలి పీల్చుకుంటుంది. మొద్దు వైపు గాలి అర ఏర్పడేది అలాగే. సరిగ్గా అప్పుడు కింద తడి రెట్ట ఉంటే గాలితో పాటు అదీ లోపలికి పోతుంది. పైగా పైపొర కూడా అప్పటికి పూర్తిగా ఆరి ఉండదు. అంటే మనం గుడ్డు చేతిలోకి తీసుకోకముందే నష్టం జరిగిపోయి ఉండొచ్చు. పొడి ఊక వేయడం, రోజుకు రెండు మూడు సార్లు గుడ్లు ఏరడం కంటే మంచి శుభ్రత లేదు. ‘తీరిగ్గ’ వాడుక మాటే, అయినా ఈ పద్యంలో దానికి బదులు ఇంకోటి పెట్టలేం.

పూరణ 5 (హైదరాబాదు సభ్యుడు)

గుడ్డు కన్న నీరు గోరు వెచ్చగ లేక
మందు కలుపకున్న మరల మరల
వాడినట్టి నీరె వాడుచు నుండిన
మురికిఁ గడుగ గుడ్డు మురికి యగును

పశువైద్య విద్యార్థి: కడగడమే తప్పు అనకుండా, ఎలా కడిగితే తప్పో చెప్పారు. న్యాయమైన మాట. ‘గోరువెచ్చ’ దగ్గరే నా అభ్యంతరం. చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు చాలవు. గుడ్డు కంటే కనీసం 11 డిగ్రీలు ఎక్కువగా, 43 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్‌తో చూడాల్సిందే. నానబెట్టకూడదు, పూర్తిగా ఆరాకే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి.

హైదరాబాదు సభ్యుడు: ఒప్పుకుంటాను. ‘వెచ్చగా’ అని ఉంటే చాలు, ‘గోరు’ యతి కోసం వచ్చి చేరింది. మళ్లీ రాసి పంపుతాను.

కొత్త సభ్యుడు: ఒక సందేహం అండీ. మంచి జాతి పెట్ట పెట్టిన గుడ్డు ఒకటి మట్టి కొట్టుకుపోయింది. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. పెట్టవచ్చా?

కోళ్ల రైతు: రెట్ట మందంగా అంటినా, పెంకు చిట్లినా వద్దు బాబూ. ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల వేడిలో 21 రోజులు ఉండాలి. లోపల బాక్టీరియా ఉంటే ఆ వేడికి పెరిగి, గ్యాస్ పట్టి గుడ్డు పేలుతుంది. ఆ చీము పక్క గుడ్ల మీద పడితే అవీ పోతాయి. మరకే ఉంటే గీకి, అన్నిటికంటే కింది ట్రేలో విడిగా పెట్టు. ఏడో రోజు చీకట్లో లైటు పెట్టి చూడు. నరాలు కనబడకపోయినా, వాసన వచ్చినా, పెంకు మీద తడి ఊరినా, చేత్తో మెల్లగా తీసి దూరంగా పాతిపెట్టు.