ఒక్క పాప ఫొటోకు కరిగిన ఊరు పదకొండు పేర్లకు ఎందుకు కరగలేదు?

మర్రిగూడ యువజన (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. నెల రోజుల నుంచి నిద్ర పట్టనిస్తలేని సంగతి ఒకటి మీ ముందు పెడుతున్న.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంల ఒక ఊరు. పదిహేను మందిమి కలిసి చిన్న సంఘం నడుపుతున్నం. పోయినేడు మా ఊరి పాపకు గుండె ఆపరేషన్ అవసరం పడ్డది. పాప ఫొటో ఒక్కటి వాట్సాప్ గ్రూపులల్ల పెట్టినం, రెండు జడలు, బడి డ్రెస్సు. మూడు రోజులల్ల లక్షా నలభై వేలు జమైనయ్. మా ఊరు మొఖం ఎన్నడు చూడనోళ్లు కూడ ఫోన్ చేసి "పాప ఎట్లున్నది" అని అడిగిండ్రు. ఇప్పుడు పాప బడికి పోతున్నది.

ఈ ఏడు అవే గ్రూపులల్ల ఇంకో విన్నపం పెట్టినం. ఫ్లోరైడ్‌తోటి నడుములు వంగిపోయిన పెద్దమనుషులు మా ఊర్లె పదకొండు మంది ఉన్నరు. నల్లాలల్ల కృష్ణా నీళ్లు వస్తున్నయ్, కాదంటలేను. కని పాత బోరు నీళ్లకు గట్టిపడ్డ బొక్కలు మళ్ల మెత్తబడయి కదా. నెలకోసారి దవాఖానకు తీసుకపోవాలె, మందులు కొనాలె. పేరు, వయసు, ఎవరికేం కావాల్నో పట్టిక చేసి పెట్టినం. ఇరవై రోజులకు వచ్చింది ఆరు వేల రెండు వందలు. ఇచ్చెటోళ్లు అప్పటోళ్లే, అడిగెటోళ్లం మేమే.

మా దోస్తు ఒకడు ఉపాయం చెప్పిండు. పదకొండు మందిల ఒక తాతకు మెడ అస్సలు తిరగదు. పక్కకు చూడాల్నంటే మనిషి మొత్తం తిరగాలె. చెంబెత్తి నీళ్లు తాగలేడు, మెడ ఎనకకు వంగదు. వెడల్పు గిన్నెల పోసుకొని, రెండు చేతులతోటి నోటి దాక తెచ్చుకొని జుర్రుకుంటడు. "అది వీడియో తీసి పెట్టు, పైసలు అవే వస్తయ్" అన్నడు దోస్తు. నాకు మనసొప్పలేదు. అయినా పోయి తాతనే అడిగిన. "తీస్కో బిడ్డా. నీళ్లు తాగేటప్పుడు మాత్రం తియ్యకు" అన్నడు. ఆ మాట విన్నంక ఫోన్ జేబుల పెట్టుకొని వచ్చిన.

ఒక్కరి బాధ చూపించి పదకొండు మందికి అడగుడు న్యాయమేనా? కాదంటే, పేర్ల పట్టికకు కదలని మనసును ఎట్ల కదిలియ్యాలె?

దేవరకొండ బిడ్డ (ఎంఏ సైకాలజీ)

అన్నా, మీ ఊర్లో జరిగింది పరిశోధకులు ప్రయోగం పెట్టి చూసిందే. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో కొందరికి చిన్న పని చేసినందుకు అయిదు డాలర్లిచ్చి, అందులోంచి విరాళం ఇస్తారా అని అడిగారు. కొందరికి ఆఫ్రికాలో ఆకలితో ఉన్న లక్షల మంది లెక్కలు చూపించారు, కొందరికి మాలి దేశంలో రోకియా అనే ఏడేళ్ల పిల్ల సంగతి చెప్పారు. లెక్కలు చూసినవాళ్లకంటే పిల్ల గురించి విన్నవాళ్లు రెట్టింపు పైనే ఇచ్చారు. పిల్లతో పాటు లెక్కలు కూడా చూపిస్తే మాత్రం ఇచ్చేది తగ్గిపోయింది.

అదే అధ్యయనంలో ఇంకొకటి ఉంది, అది చదివి నేను చాలాసేపు బాధపడ్డాను. "మనుషులు ఇట్లా ఒక్కరికే కరుగుతారు" అని ముందే వివరించి అడిగితే, లెక్కలకు ఇచ్చేది పెరగలేదు. పిల్లకు ఇచ్చేదే తగ్గింది. అంటే తప్పు తెలిసినంత మాత్రాన మనసు పెద్దదవదు.

వీడియో వద్దనే నా మాట కూడా. డేనియల్ బాట్సన్ బృందం 1995లో చేసిన ప్రయోగంలో, వైద్యం కోసం వరసలో ఉన్న పదేళ్ల పాప గురించి వినిపించారు. ఆమె మనసులోకి వెళ్లి ఆలోచించండి అని చెప్పినవాళ్లలో ఎక్కువ మంది, ఇంకా అవసరంలో ఉన్న పిల్లలను దాటించి ఆమెనే ముందుకు జరిపారు. దుర్మార్గంతో కాదు, జాలితోనే ఆ అన్యాయం చేశారు. మీ తాత వీడియోకు వచ్చిన పైసలు చూసి మిగతా పది మంది ఇళ్లల్లో ఏమనుకుంటారో కూడా ఆలోచించండి.

మునుగోడు సారు

అమ్మా, ప్రయోగాలు బాగున్నయి. కాని మన జిల్లా చరిత్ర కూడా ఒక ప్రయోగమే. మంచినీళ్ల కోసం కొట్లాడిన దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి, ఫ్లోరైడ్‌తోటి ఒళ్లంత వంకరపోయిన శివన్నగూడెం అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకపోయి, 2003లో ప్రధాని వాజపేయి టేబుల్ మీద పడుకోబెట్టింది. అంతకుముందు ఎన్ని నివేదికలు పోయి ఉంటయి! లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న సంగతి ఢిల్లీల ఎవరికి తెల్వదు? అంకెకు బల్ల మీద చోటుంటది, కాని అది కండ్లల్లకు చూడదు. స్వామి చూసిండు. మొఖం చూపకుంటే మన గోస ఫైళ్లల్లనే చెదలు పట్టిపోయేది. యువజన తమ్ముడూ, తాత ఒప్పుకున్నడు కదా, ఫొటో పెట్టు. నీళ్లు తాగేది వద్దన్నడు, అది తియ్యకు. అంతే.

హాలియా రైతుబిడ్డ

సారూ, మీ మీద గౌరవంతోనే అడ్డం మాట్లాడుతున్న. స్వామి అన్న 2023 జనవరిల పోయే దాక ఆ ఒంటితోనే బతికిండు. బల్ల మీద పండవెట్టిన ఫొటో దేశం చూసింది, కని ఆ మోత మోసింది ఆయన ఒక్కడే. అదే సమితి 1996ల ఏం చేసిందో మీకు తెల్వదా? మన నీళ్ల గోస దేశానికి తెలవాలని నామినేషన్లు ఏయిస్తే, నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీల నిలవడ్డరు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఆ 480 పేర్లు చూసి ఎవ్వరు కండ్లనీళ్లు పెట్టలే. అయినా నల్లగొండల నీళ్లకేమైందని దేశం అడిగింది. జాలి పుట్టియ్యకుండనే కదిలిచ్చిండ్రు. నాకు నచ్చేది ఆ తొవ్వ.

మునుగోడు సారు

నిజమే బిడ్డా, కాని దానికి జవాబుగ ఏమొచ్చింది? ఆ ఏడాదే లోక్‌సభ పోటీకి డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచిండ్రు. 480 పేర్లను చూసినోళ్లకు మళ్ల గిన్ని నామినేషన్లు రాకుండ ఎట్ల ఆపాలన్న ఆలోచన ముందు వచ్చింది. పేర్లు ఇబ్బంది పెడతయి, మనిషిని దగ్గరికి తేవు. నా మాట మార్చుకోను.

పాలమూరు సిస్టర్

ఒక ప్రభుత్వ దవాఖానల పందొమ్మిదేండ్లుగ నర్సుగ చేస్తున్న. మీ మాటలు చదువుతుంటే నా మొదటి ఏడాది యాదికొచ్చింది. కాలిన గాయాలతోటి ఒక చిన్న పిలగాడు వచ్చిండు. వాళ్లమ్మ ఏడుస్తుంటే నేనూ ఏడుస్తున్న. చెయ్యి వణికి రెండుసార్లు నరం తప్పిన. నా పెయ్యి కూడ కాలినట్టే అనిపిచ్చింది, కని దాంతోటి ఆ పిలగానికి ఒరిగిందేంది? అదనంగ రెండు సూదిపోట్లు. మా పెద్ద సిస్టర్ నా చేతులకెల్లి సూది తీసుకొని ఒక్కటే మాటన్నది, "ఏడ్సుడు డ్యూటీ దిగినంక. ముందు నరం దొరకవట్టు." అప్పుడు ఆమెది రాతిగుండె అనుకున్న. వారం దినాలు ఆ పిలగానికి ఆమెనే పొద్దుమాపు పాలు తాపింది.

మెదడు మీద పరిశోధన చేసే టానియా సింగర్ బృందం ఈ రెండూ వేర్వేరని చెప్తున్నది. ఎదుటోళ్ల నొప్పి మనం కూడ పడుడు ఒకటి, వాళ్లకు మంచి జరగాలని చెయ్యి సాచుడు ఇంకొకటి. మొదటిది మనిషిని అలసగొడ్తది, రెండోది నిలవెడ్తది. శిక్షణతోటి రెండోదాన్ని పెంచుకోవచ్చని కూడ వాళ్లు చూపిచ్చిండ్రు. మా వార్డుల నేను కండ్లార చూసింది అదే.

తమ్ముడూ, మీ పట్టిక చూసి జనం కరగలేదని మీరంటున్నరు. నాకట్ల అనిపియ్యలేదు. వాళ్లు భయపడ్డరు. పాపకు ఒక్క ఆపరేషన్, అయిపోతది, ఇంటికొస్తది. పదకొండు మంది ముసలోళ్ల నొప్పి ఎప్పటికి ఒడుస్తది? ఒక్కసారి చెయ్యి పెడితే ఇగ ఇడువదని మొఖం తిప్పుకున్నరు.

దేవరకొండ బిడ్డ

అక్కా, మీరు చెప్పిన భయాన్ని 2011లో డారిల్ కామెరాన్, కీత్ పేన్ పరీక్షించి చూశారు. బాధితులు ఎక్కువయ్యే కొద్దీ జాలి తగ్గడం ముఖ్యంగా ఎప్పుడు కనిపించిందంటే, "తర్వాత మిమ్మల్ని సాయం అడుగుతాం" అని ముందే చెప్పినప్పుడు. అడగబోరు అనుకున్నవాళ్లలో ఆ తగ్గుదల కనబడలేదు. మనసు బండబారి కాదు, బరువు మీద పడుతుందని ముందే తలుపు వేసుకుంటున్నారన్నమాట. నేను ఇందాక మనసు చిన్నదన్నట్టు రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కోస్గి బాంబే బస్సు

నాకు గిన్ని చదువులు రావు. పదేండ్లు బాంబేల అడ్డా మీద నిలవడ్డోన్ని. "పాలమూరు లేబర్" అన్నది మా పేరు అక్కడ. మేస్త్రీకి మమ్ములను లెక్కవెట్టుడు తప్ప పేరు పెట్టి పిలుసుడు రాకపోవు. గందుకే ఒకటి అడుగుత. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలింది. ఎనిమిది మంది లోపట పడ్డరు. జార్ఖండ్, యూపీ, పంజాబ్, కశ్మీర్ దిక్కోళ్లు. ఆ సొరంగం ఎవరి నీళ్లకోసం? మీ నల్లగొండ ఫ్లోరైడ్ ఊర్ల కోసమే కదా. రెండు శవాలు దొరికేసరికే నెల దాటింది. మా ఊరి పిలగాడే లోపట ఉంటే మేం బువ్వ ముట్టకపోదుం. వాళ్లకోసం రెండు దినాలు టీవీ చూసి, మూడో దినం నేనే చానల్ మార్చిన. బాంబేల నన్ను చూడనోళ్ల మీద నాకు కోపముండె. గిప్పుడు వాళ్ల తీర్గ నేనే చేసిన. పదకొండు మందా, ఒక్కరా అన్నది తర్వాతి ముచ్చట. మనోళ్లు, కానోళ్లు అన్న గీత ముందు ఎవరు చెరుపుతరు?

మర్రిగూడ యువజన

కోస్గి అన్నా, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ ఎనిమిది మందిల ఒక్కరి పేరన్నా నాకు నోటికి రాదని మీరు రాసినంకనే తెలిసింది. సిగ్గయింది.

సారూ, తాత ఫొటో పెడ్తలేను. సిస్టర్ చెప్పింది పట్టుకొని, రాత్రి కూసొని పట్టిక మొత్తం మార్చినం. "పదకొండు మందికి సాయం చెయ్యండి" అన్న మాట తీసేసినం. ఒక్కో పేరు కింద ఒక్కటే పని రాసినం, ఏ రోజు, ఎంతసేపు, ఎంత ఖర్చు. తాతకు బుధవారం పొద్దుగాల ఆటో, పోను రాను. ఇంకో అవ్వకు రెండు నెలల నొప్పి గోలీలు. ఒకాయనకైతే పైసలే వద్దు, మరుగుదొడ్డిల పట్టుకొని లేసెతందుకు గోడకు ఇనుప పైపు కొట్టాలె.

పొద్దున గ్రూపుల పెట్టినం. మధ్యాహ్నానికి పైపు పని మా వెల్డింగ్ షాపు పిలగాడు తీసుకున్నడు. గోలీలకు ఇద్దరు ముందటికొచ్చిండ్రు. ఆరు పేర్లు ఇంకా అట్లనే ఉన్నయ్.

మునుగోడు సారు

ఫొటో పెడితే ఆ ఆరు పేర్లు మిగిలేటియి కావు అని ఇప్పటికీ అంటున్న. సరే, బుధవారం ఆటో నా లెక్కల రాసుకో. నేనే వచ్చి తాత పక్కన కూసుంట.

పాలమూరు సిస్టర్

సారూ, ఆటోల తాతను కుడిదిక్కో ఎడమదిక్కో ఆయన్నే అడిగి కూసోబెట్టుండ్రి. మెడ తిరగనోళ్లకు బయటికి చూసే దిక్కు ఒక్కటే ఉంటది. గుంతలొచ్చినప్పుడు తల ఎనక చెయ్యి పెట్టాలె. బయలుదేరే ముందు ఎముకల డాక్టరు ఆ రోజు ఉన్నడో లేడో ఫోన్ చేసి కనుక్కోండి.