ఆడవాళ్లే వచ్చే జుంబా, పిలాటిస్ తరగతుల్లో మగవాళ్లు చేరవచ్చా?

ప్రశ్న (కొండాపూర్, హైదరాబాదు)

నమస్కారం. నా వయసు 47, రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఇటీవల చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరును చూపే లెక్క) 6.1 వచ్చింది. షుగరు ఇంకా రాలేదు గానీ వచ్చే దారిలో ఉన్నారని, నడకతో సరిపెట్టకుండా ఒళ్లంతా కదిలే వ్యాయామం క్రమం తప్పకుండా చేయమని డాక్టరుగారు చెప్పారు. నడుము నొప్పి కూడా చాలాకాలంగా ఉంది. జిమ్‌లో ఒక్కడినే యంత్రాల మధ్య తిరగడం నాకు సరిపడదు. నలుగురితో కలిసి, ఒకరు చెబుతుంటే చేసేదైతేనే మానకుండా చేయగలను.

మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఉదయం పూట వారానికి మూడు రోజులు జుంబా (పాటలకు నృత్యంలా చేసే వ్యాయామం), రెండు రోజులు మ్యాట్ పిలాటిస్ (చాప మీద నడుము, పొట్ట కండరాలకు అదుపుగా చేసే వ్యాయామం) నేర్పుతున్నారు. నోటీసు బోర్డులో ‘నివాసులందరికీ’ అనే రాశారు గానీ వచ్చేవారందరూ ఆడవాళ్లే. మా ఆవిడ వెళ్లమనే అంటోంది. ఆ వేళకే తను ఆఫీసుకు బయలుదేరాలి కనుక తోడు రాలేదు. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఇవి మగవాళ్ల ఒంటికి పనికొచ్చే వ్యాయామాలేనా, లేక మిత్రులు ఎగతాళి చేస్తున్నట్టు ఆడవాళ్లు ఉత్త సరదాకు చేసేవా అన్నది మొదటిది. నన్ను ఎక్కువగా ఆపుతున్నది రెండోది: వాళ్లు ఏళ్ల తరబడి తమకంటూ ఏర్పరచుకున్న వేళలో నేను వెళ్లి నిలబడితే వాళ్ల స్వేచ్ఛ పోతుందేమోనని. ఇటువంటి తరగతులకు వెళ్లే మహిళలు మొహమాటం లేకుండా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (ఫిజియోథెరపిస్టు, వరంగల్)

మీ మొదటి సందేహం వరకు నేను చెబుతాను. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ తీవ్రత గల వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్క ఆడవారికైనా మగవారికైనా ఒకటే. మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థ తీవ్రత కింద లెక్క. సరిగా నడిచే జుంబా తరగతిలో ఆ ఆయాసం తప్పకుండా వస్తుంది. పనిచేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజును వాడుకుంటుంది, ఆ తర్వాత కూడా కొన్ని గంటల పాటు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది. హెచ్‌బీఏ1సీ 5.7కూ 6.4కూ మధ్య, అంటే షుగరుకు ముందు దశలో ఉన్న మీకు ఇప్పుడు కావలసింది అదే. అయితే జుంబా వల్ల కండబలం పెద్దగా పెరగదు కనుక ఇంట్లో కొన్ని దండీలు, బస్కీలు కలుపుకోండి.

పిలాటిస్ మీ నడుముకు మేలు చేయవచ్చు. దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్నవారు ఏమీ చేయకుండా ఉండటం కంటే పిలాటిస్ చేస్తే నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో కనబడింది. ఇతర వ్యాయామాలను మించినదని మాత్రం రుజువు కాలేదు. నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా ముందు పరీక్ష చేయించుకుని ఆ తర్వాతే మొదలుపెట్టండి.

దీన్ని ఆడవాళ్ల వ్యాయామం అనే మీ మిత్రులకు జోసెఫ్ పిలాటిస్ సంగతి చెప్పండి. 1883లో జర్మనీలో పుట్టిన ఆయన బాక్సింగ్, జిమ్నాస్టిక్స్ చేసిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శత్రుదేశీయుడని బ్రిటన్‌లో నిర్బంధించినప్పుడు శిబిరంలోని తోటివారి చేత వ్యాయామాలు చేయించాడు. ఆ పద్ధతినే 1920లలో న్యూయార్క్ చేరి అక్కడ నేర్పాడు. గుండెకు, ఊపిరితిత్తులకు పని పెట్టే వ్యాయామాలకు వాడే ‘ఏరోబిక్స్’ అన్న మాటను 1968లో తన పుస్తకంతో జనంలోకి తెచ్చిన కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళంలో వైద్యుడు. జుంబాను మొదలుపెట్టిన బేటో పెరెజ్ కొలంబియాకు చెందిన నృత్య శిక్షకుడు. 1982లో నటి జేన్ ఫోండా వ్యాయామ వీడియో వచ్చి, వేలాది ఇళ్లలో గృహిణులు టీవీ ముందు చేయడం మొదలయ్యాక పాటతో చేసే వ్యాయామానికి ఆడవాళ్లదనే ముద్ర గట్టిపడింది.

జవాబు (జుంబా శిక్షకురాలు, కూకట్‌పల్లి)

మీరు చేరవచ్చు సార్, కానీ ఎలా చేరతారన్నదే ముఖ్యం. కొత్తగా వచ్చే మగవాళ్లు మర్యాద అనుకుని అందరి వెనక వరుసలో నిలబడతారు. నిజానికి ఆడవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే. వంగి లేచే కదలికలు ఎన్నో ఉంటాయి, అలాంటప్పుడు ముఖపరిచయం లేని మగమనిషి వెనక ఉంటే ఎవరికీ మనసు కుదుటపడదు. రెండో వరుసలో ఒక పక్క చివరన నిలబడండి. అక్కడి నుంచి నా కాళ్లు మీకు కనబడతాయి, మీ వెనక ఉన్నవారికి మీరు కనబడతారు. ఎదుట అద్దం ఉంటే అందులో మిమ్మల్ని మీరు, లేకపోతే నన్ను చూడండి. ఫోను సంచిలోనే ఉంచండి. ఎవరైనా తరగతిని వీడియో తీసి గ్రూపులో పెడితే మరుసటి రోజు నుంచి కొందరు రావడం మానేస్తారు, ఎందుకు మానేశారో కూడా చెప్పరు.

పరుగుకు వాడే బూట్లు వద్దు. వాటి అడుగు నేలను గట్టిగా పట్టుకోవడం వల్ల తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. సాల్సా, మెరెంగే, కుంబియా, రెగేటన్ అనే లాటిన్ అమెరికా నృత్య లయల మీద జుంబా అడుగులు కట్టారు, మేము వాటి మధ్య తెలుగు సినిమా పాటలూ కలుపుతాం. అక్కడ ఉన్నవాళ్లు ఆ పాటలకు నెలల తరబడి ఆడుతున్నవాళ్లు కనుక మొదట్లో మీరు వెనకబడతారు. మగవాళ్లు మానేసేది ఎక్కువగా ఈ దశలోనే. చేతులు వదిలేసి ముందు కాళ్లు పట్టుకోండి, నడుము కదలికలు తర్వాత వస్తాయి.

జవాబు (గృహిణి, మియాపూర్)

నిర్మొహమాటంగా అడిగారు కనుక నేనూ అలాగే చెబుతాను. మా తరగతిలో అందరి సంగతీ ఒకటి కాదు. నాలాంటివారికి మగవాళ్లు వచ్చినా ఫరవాలేదు. కానీ కాన్పు తర్వాత ఒళ్లు తగ్గించుకోవడానికి వచ్చే అమ్మాయిలు, మామగారో బావగారో ఇంట్లో ఉంటారని చున్నీ తీయకుండానే రోజంతా గడిపేవారు ఉన్నారు. వాళ్లకు ఒళ్లు మరచి ఎగరగలిగే చోటు ఆ ఒక్క గంటే. మగవాళ్లు ఉండరనే వాళ్లు డబ్బు కట్టారు. ఇది మీ మీద అనుమానం కాదు, మీరు ఎంత మంచివారైనా వాళ్ల ఇబ్బంది ఉంటుంది.

అందువల్ల ‘నేను రావచ్చా’ అని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం అడగకండి. అక్కడ వాళ్ల భర్తలు, అత్తలు, అసోసియేషన్ పెద్దలు అందరూ ఉంటారు. వద్దని చెప్పాలనుకున్నవారు నోరు విప్పరు, రెండు బొటనవేళ్ల గుర్తులు చూసి అందరూ ఒప్పుకున్నారని మీరు అనుకుంటారు. శిక్షకురాలితో విడిగా మాట్లాడండి, ఆమె ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడుగుతారు. మా దగ్గర అలా అడిగాకే వారంలో కొన్ని రోజులు అందరికీ, మిగిలినవి ఆడవాళ్లకే అని విడదీశారు. ఆడవాళ్లకే అని చెప్పిన రోజున నోటీసు బోర్డు చూపించి హక్కు గురించి వాదించవద్దని మనవి.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ)

మియాపూర్ అమ్మగారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. మిత్రుల ఎగతాళి గురించి ఒక్క మాట కలుపుతాను. పాటకు కాళ్లు కదిపితే మగతనం తగ్గుతుందనే భావన మన కృష్ణా తీరంలో పుట్టినది కాదు. కూచిపూడి తరతరాలుగా మగవాళ్లు ఆడిన ఆట, ఆడ వేషాలూ వాళ్లే కట్టారు. సత్యభామగా ఊళ్లకు ఊళ్లను కట్టిపడేసిన వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించారు. ఆ జడ, ఆ నడక సాధించడానికి ఎంత దేహదారుఢ్యం, ఎంత ఊపిరి కావాలో దగ్గర నుంచి చూసినవారికి తెలుస్తుంది. మా పార్కులో యోగా తరగతికి నేనూ వెళుతున్నాను. మగవాళ్లం నలుగురైదుగురమే ఉంటాం. శిక్షకురాలు చెప్పింది చేస్తాం, తోటివారికి ఆసనాలు దిద్దబోము, ముగియగానే చాప చుట్టుకుని వచ్చేస్తాం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గ్రూపులో అడగాలనే అనుకున్నాను, అది ఎందుకు తగదో ఇప్పుడు అర్థమైంది. రేపు శిక్షకురాలితో మాట్లాడి, అందరూ ఒప్పుకుంటే ముందు పిలాటిస్‌తో మొదలుపెడతాను. ఒప్పుకోకపోతే సాయంత్రం పూట అందరికీ వేరే తరగతి పెట్టమని అసోసియేషన్‌ను అడుగుతాను, నాలాంటి మగవాళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు. పరగడుపున చేయవచ్చా అన్నది కూడా దయచేసి చెప్పండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు, వరంగల్)

మీరు షుగరు మందులు వాడటం లేదు కనుక పరగడుపున చేసినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. కళ్లు తిరిగే అలవాటు ఉంటే అరగంట ముందు సగం అరటిపండు తినండి. మందులు లేదా ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా చేయకూడదు. నడుము నొప్పి సంగతి మొదటి రోజే శిక్షకురాలికి చెప్పండి, ముందుకు బాగా వంగే కదలికలకు బదులు తేలికైనవి ఆమె చూపిస్తారు.