మా ఊళ్లో గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, వెళ్తే ఉపయోగం ఉంటుందా?

పల్నాటి మిరప:
మాది పల్నాడు. ఊరి పక్కనే సున్నపురాయి గని వస్తోంది, వచ్చే నెల 19న ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో వేశారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, నాన్న ఊళ్లోనే నాలుగెకరాల మిరప చేస్తున్నారు. పంచాయతీ ఆఫీసులో పర్యావరణ ప్రభావం మీద రిపోర్టు పెట్టారంటే మొన్న వెళ్లి చూశాను. లావుపాటి బైండు, మొత్తం ఇంగ్లీషు, దాంతోపాటు తెలుగులో పాతిక పేజీల సారాంశం. అందులో సమీపంలో చెప్పుకోదగ్గ నీటి వనరులు లేవని రాశారు. గని హద్దురాయి దగ్గర నిలబడితే మా చెరువు కట్ట కనిపిస్తుందండీ, కట్ట మీద గేదెలు కూడా కనిపిస్తాయి. నాన్నేమో "ఇచ్చేవాళ్లు ఇచ్చేస్తారు, మనం పోయి మైకు పట్టుకుంటే ఆగుద్దా" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రమట్టి:
మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు. మా దగ్గర క్వారీకి పెట్టినప్పుడు టెంటు, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, పక్క మండలం నుంచి ఆటోల్లో తెచ్చిన జనం. వాళ్లే ముందు వరసలో కూర్చుని ఉద్యోగాలు వస్తాయని చప్పట్లు. మావాళ్లకు మైకు దొరికేసరికి మధ్యాహ్నం రెండయింది. ఊరంతా కలిసి అసలు సభే జరగనివ్వకపోవడం మంచిది.

పాత ఫీల్డ్ అసిస్టెంట్:
ఎర్రమట్టి గారి కోపం అర్థమైంది కానీ సభ ఆపితే నష్టం మీకే. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది, జనం స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి అక్కడ లేదని కాలుష్య నియంత్రణ మండలి రాసి పంపితే, పైవాళ్లు ఆలోచించి సభ లేకుండానే ముందుకు వెళ్లొచ్చు. కోరం, అంటే ఇంతమంది రావాలన్న లెక్క కూడా అక్కర్లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే.

నేను మూడేళ్లు ఇలాంటి రిపోర్టులు రాసే ఒక కన్సల్టెన్సీలో చేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తా. రిపోర్టు రాసేవాళ్లకి డబ్బులిచ్చేది గని పెట్టేవాళ్లే, అక్కడే సగం కథ అయిపోయింది. చుట్టూ పది కిలోమీటర్లు చూడాలి. గాలి శాంపిలర్‌ని స్కూలు డాబా మీదో పంచాయతీ ఆఫీసు మీదో పెట్టి, వారానికి రెండు రోజులు, రోజుకి 24 గంటలు, 12 వారాలు తిప్పాలి. తెల్ల ఫిల్టర్ పేపర్‌ని ముందు తూచి, తర్వాత తూస్తే తేడాయే దుమ్ము. ఊళ్లో కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, మళ్లీ వచ్చేదాకా నేను మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఆ గంటల సంగతి రిపోర్టులో ఎప్పుడూ చదవలేదు, సరే వదిలేయండి.

మీరు చూడాల్సింది ఏ నెలల్లో కొలిచారన్నది. వానాకాలం కాకుండా ఒక సీజన్ డేటా చాలు వాళ్లకి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కొలిచి ఉంటే, మీ నాన్నగారు కల్లంలో కాయ ఆరబోసే ఫిబ్రవరి, మార్చి నెలల గాలి ఎటు వీస్తుందో అందులో ఉండదు. బ్లాస్టింగ్ దుమ్ము కాయ మీద పడితే యార్డులో రేటు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అది అడగండి. "మాకు గని వద్దు" అంటే మినిట్స్‌లో, అంటే సభలో ఎవరేమన్నారో రాసే కాగితంలో ఒక్క లైను, "కొందరు వ్యతిరేకించారు" అని. చెరువు సర్వే నంబరు, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, హద్దురాయికి ఎన్ని మీటర్లు అని చెప్తే దానికి కంపెనీ జవాబు రాసి తీరాలి. ఫైనల్ రిపోర్టులో ఆ జవాబు ఉండాలి.

బీల గట్టు:
మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. మా బీలని కాగితాల్లో బంజరు అని రాశారు. చేపలు పట్టుకునే, వరి పండే చిత్తడి నేల అది! అందరూ వద్దన్నా థర్మల్ ప్లాంటుకి పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2010 జూలై 14న కాల్పుల్లో ఇద్దరు పోయారు, అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతి రద్దు చేసింది. ఇప్పుడైతే ఎన్‌జీటీకి, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, మనకి చెన్నై బెంచి, అనుమతి వచ్చిన 30 రోజుల్లోపు, కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అప్పుడు అక్కడ పెట్టడానికి కాగితం కావాలి కాబట్టి ఇప్పటి నుంచే దాచుకోండి.

పల్నాటి మిరప:
థాంక్సండీ. 19న నాకు సెలవు దొరికేలా లేదు. హైదరాబాద్ నుంచి రాసి పంపితే చెల్లుతుందా?

పాత ఫీల్డ్ అసిస్టెంట్:
చెల్లుతుంది, పేపర్ ప్రకటనలోనే కాలుష్య నియంత్రణ మండలి అడ్రస్ ఉంటుంది, దానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కానీ నాన్నగారిని మాత్రం వెళ్లమనండి. కలెక్టర్ గానీ ఆయన తరఫున వచ్చిన అదనపు కలెక్టర్ స్థాయి అధికారి గానీ కూర్చుంటారు, వీడియో తీస్తారు. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం పెట్టాలి. ఎక్కువమంది మజ్జిగ తాగి అప్పటికే వెళ్లిపోతారు. ఆయన్ని కదలొద్దనండి, చెరువు మాట చదవకపోతే అక్కడే లేచి అడగమనండి.

పల్నాటి మిరప:
ఇప్పుడే ఫోన్ చేశా. "చెరువు లేదన్నారా" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. రేపు పొద్దున్నే వీఆర్వో దగ్గరికి వెళ్తారట, సర్వే నంబరు కోసం.